చింతపల్లి చలిలో అత్తగారి మల్లె

ఈసారి ఉత్తరం రాసినావిడ విజయవాడవారే, కానీ ప్రస్తుతం ఉంటున్నది మన్యం కొండల్లోని చింతపల్లిలో. పేరు వద్దన్నారు. సత్యనారాయణపురంలో సొంత ఇల్లు, మేడ నిండా కుండీలు. నిరుడు జూన్‌లో భర్తకు చింతపల్లి బదిలీ కాగానే సామాన్లతోపాటు కుండీలు కూడా లారీ ఎక్కాయి. మందారాలు ఆరు, కనకాంబరాలు ఒక వరస, నూరువరహాలు మూడు, కాగితంపూలు రెండు, దేవగన్నేరు, నందివర్ధనం, ఎర్రగన్నేరు ఒక్కొక్కటి. వీటన్నిటి కంటే ముఖ్యమైనది సగానికి కోసిన డ్రమ్ములో ఉన్న మల్లె. అది వాళ్ల అత్తగారు పెంచింది. పోయే ముందు ‘పెద్దదానివి, దీన్ని నువ్వే చూసుకో’ అని ఈవిడకు అప్పజెప్పారట. చిన్నకోడలికి అప్పట్నుంచీ ఆ విషయంలో కాస్త మనసు నొచ్చుకునే ఉంది.

వానాకాలమంతా మొక్కలు విరగబూశాయి. డిసెంబరు మూడో వారంలో ఒక తెల్లవారుజామున పెరట్లో గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి కనిపించింది. మందారం, కనకాంబరం ఆకులు తడిసి ముద్దయి వాలిపోయి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. పక్కింటివారు చెబితే ఆ రాత్రి పాలిథిన్ పట్టాలు కప్పారు. మర్నాడు చూస్తే పట్టా తగిలిన ఆకులే ఎక్కువ మాడాయి. ఇక కడుపు మండి నల్లబడ్డ కొమ్మలన్నీ జానెడు మిగిల్చి కత్తిరించేశారు, త్వరగా కోలుకుంటాయని తలా ఒక చెంచా యూరియా వేశారు. సంక్రాంతి నాటికి చిగుళ్లు వచ్చాయి. పండక్కి బెజవాడ వెళ్లి నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తే ఆ చిగుళ్లూ పోయాయి. కనకాంబరాలన్నీ, రెండు మందారాలు చచ్చిపోయాయి. నూరువరహాలు పసుపుపచ్చగా ముడుచుకుని ఉన్నాయి. మల్లె మొదట్లోంచి మళ్లీ లేచి ఇప్పుడు మోకాలెత్తు అయింది కానీ ఈ వేసవిలో ఒక్క మొగ్గ వెయ్యలేదు.

వినాయక చవితి వెళ్లింది, మళ్లీ చలికాలం వస్తోందని ఆవిడ బెంగ. ‘ఇంకో ఏడాదో రెండేళ్లో ఉంటాం. ఎవరికైనా ఇచ్చెయ్యి, పూజకు పూలు కొనుక్కుందాం’ అంటారట భర్త. ‘ఆ నాలుగు నెలలూ మా మేడ మీద పెట్టక్కా, నేను చూసుకుంటా’ అంటుంది విజయవాడలో ఉన్న తోడికోడలు. ఆ మాటలో మంచే ఉందని తెలుసు. కానీ మల్లె ఒకసారి ఆ మేడ ఎక్కితే మళ్లీ దిగదని ఈవిడ భయం. ఈ భయం భర్తకు కూడా చెప్పలేదు. పంపెయ్యాలా, కప్పుకుంటూ కాపాడుకోవాలా, వాటి ఖర్మానికి వదిలెయ్యాలా అన్నది ప్రశ్న. మొక్కల కోసం ఇంత బెంగపడటం చిన్నపిల్లల చేష్టేమో అని చివర్లో ఒక మాట.

చిన్నపిల్లల చేష్ట ఏమీ కాదండీ. అయితే మీ ఉత్తరంలో రెండు చిక్కులు కలిసిపోయాయి. మిగతా కుండీలన్నిటి చిక్కు ఒకటి, ఒక్క మల్లె చిక్కు ఇంకొకటి. మీవారి మాట మొదటిదానికి చాలావరకు సరిపోతుంది, రెండోదానికి అస్సలు సరిపోదు. తోడికోడలి మాటా అంతే. రెంటికీ ఒకే జవాబు వెతుకుతున్నారు కాబట్టి ఏదీ నచ్చడం లేదు. ముందు చలి సంగతి తేల్చుకుందాం, అప్పుడు ఇంటి సంగతి మాట్లాడుకోవడం తేలిక.

విజయవాడలో గట్టి చలి అంటే 15, 16 డిగ్రీలు. చింతపల్లి, లంబసింగి వైపు 800 నుంచి 1000 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన మీకు తొమ్మిదో పదో డిగ్రీలు రావాలి. మిగతా వేడిని ఆకాశం లాగేస్తుంది. మబ్బు లేక, గాలి కదలక, పొడిగా ఉన్న రాత్రి నేలా ఆకులూ తమ వేడిని నేరుగా పైకి వదిలేస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే ఒకే ఊళ్లో గట్టు మీది ఇంట్లో మొక్కకు ఏమీ కాదు, పల్లంలో పెరట్లో మాడిపోతుంది. ఆకు గాలి కంటే కూడా చల్లబడుతుంది. మనిషి ఎత్తున పెట్టిన థర్మామీటర్ 3 డిగ్రీలు చూపిస్తున్నా ఆకు మీద మంచు గడ్డకట్టవచ్చు. థర్మామీటర్ కొంటే రాత్రి కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకునే రకం కొని, కుండీల మధ్య, ఆకుల ఎత్తున వేలాడదీయండి. గోడకు కొట్టి పెడితే గోడ వేడినే చూపిస్తుంది.

పర్యాటకులు ఎగబడి వచ్చే పొగమంచు రాత్రులకు మీరు భయపడనక్కర్లేదు. ఆ పొగమంచు నేల వేడిని పైకి పోనివ్వదు. భయపడాల్సింది చుక్కలు మిలమిలా మెరిసే నిర్మలమైన రాత్రికి. చలి గట్టిగా ఉన్న రోజుల్లో సాయంత్రానికి మబ్బూ గాలీ లేకపోతే కప్పండి. తక్కిన రాత్రుళ్లు హాయిగా పడుకోండి. చలికాలం మొత్తం రోజూ కప్పి తీయాల్సిన పనిలేదు, ఇలాంటి రాత్రులు కొన్నే ఉంటాయి.

నిరుడు జరిగినవాటిలో మీ పొరపాటు అనుకోదగ్గవి మూడు. మూడూ అందరూ చేసేవే. పాలిథిన్ వేడిని పెద్దగా ఆపదు. దానికి తగిలిన ఆకు నేరుగా దాని చల్లదనాన్నే తీసుకుంటుంది, అందుకే తగిలినచోటే మాడాయి. రెండోది కత్తిరింపు. నల్లబడ్డ కొమ్మ చూడటానికి బాగుండదు కానీ కింద బతికి ఉన్న భాగానికి అదే కప్పు. పైగా కొయ్యగానే మొక్క నిద్రలేచి చిగుళ్లు వేస్తుంది. చలికి అన్నిటికంటే ముందు పోయేది లేత చిగురే, దాన్లో నీరెక్కువ. మూడోది యూరియా, ఆ లేత చిగుళ్లనే ఇంకా తొందరపెట్టింది. చచ్చిపోయిన ఆ రెండు మందారాలు మొదటి మంచుకు పోయి ఉండవు. వేరులో దాచుకున్న బలమంతా చిగుళ్లకు ఖర్చుపెట్టి, అవి కాస్తా రెండో మంచుకు పోతే, మూడోసారి లేవడానికి ఓపిక లేక పోయాయి. ఈ ఏడాది దసరా దాటాక నత్రజని ఎరువు ఏదీ వేయకండి. వర్మీకంపోస్ట్ కూడా ఫిబ్రవరి దాకా ఆపండి. ఎంత మాడినా సరే, ఫిబ్రవరి నెలాఖరు దాకా కత్తెర ముట్టుకోవద్దు.

కొమ్మ బతికుందో లేదో చూడాలంటే గోటితో బెరడు కాస్త గీకండి. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగుగా, పొడిగా ఉంటే ఆ ఎత్తు వరకు పోయినట్టు. చివరి నుంచి మొదలుకు గీక్కుంటూ రండి. మొదట్లో కూడా పచ్చదనం లేకపోయినా కుండీ పారెయ్యకండి. మల్లె, మందారం, నందివర్ధనం ఏప్రిల్‌లో కూడా వేరు దగ్గర్నుంచి లేస్తాయి.

ఏ మొక్క ఎంత ఓర్చుకుంటుందో తెలిస్తే సగం కుండీల బెంగ ఇక్కడే తీరిపోతుంది. ఎర్రగన్నేరుకు మీ చలి లెక్కలోదే కాదు, సున్నాకు 5 డిగ్రీల దిగువన కూడా బతుకుతుంది. దాన్ని బయటే వదిలెయ్యండి. ఆకులు విషం కాబట్టి మేకలూ ఆవులూ తిరిగే చోట మాత్రం పెట్టకండి, ఏజెన్సీలో అవి ఇంటి ముందుకే వస్తాయి. కాగితంపూలకు తేలికపాటి మంచుకు ఆకులు రాలతాయి, మొదలు చావదు. కుండీ ఎండగానే ఉంచండి, పర్లేదు. కానీ ఒకే చెట్టుకు రెండు మూడు రంగులు పూసేవి చాలావరకు నర్సరీలో అంటుకట్టినవి. చలికి పైభాగం పోయి అంటు కింద నుంచి లేస్తే మీకు కావలసిన రంగు రాదు. అలాంటిదైతే దాన్ని వరండాలోకి చేర్చాలి. పెద్ద పువ్వుల హైబ్రిడ్ మందారాలకూ ఇదే చిక్కు. మామూలు ఎర్ర రెక్క మందారం తన వేరు మీదే ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచి లేచినా అదే పువ్వు.

మందారం 10 డిగ్రీల దిగువన ఎదుగుదల ఆపేస్తుంది, సున్నా దగ్గర ఆకులూ లేత కొమ్మలూ పోతాయి. కనకాంబరం అంతకూ ఓర్వలేదు. మళ్లీ తెచ్చుకున్నా దానికోసం పోరాటం వద్దని నా మాట. ఎండిన కంకుల నుంచి గింజలు ముందే తీసి కాగితంలో చుట్టి దాచుకోండి, మార్చిలో చల్లుకోవచ్చు. కంకి తడి తగిలితే చిటపట పేలి గింజలు ఎగిరిపోతాయి కాబట్టి పొడి పూట కొయ్యండి.

నూరువరహాల సంగతి వేరు. దానికి గడ్డకట్టే మంచు అక్కర్లేదు, వారం పది రోజులు రాత్రిళ్లు 10 డిగ్రీల దిగువన ఉంటే చాలు, ఆకులు కంచు రంగుకు తిరిగి ముడుచుకుంటాయి. చల్లటి మట్టిలో వేరు ఇనుమును తీసుకోలేదు, అందుకే ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా కనబడుతుంది. మీ కుండీల్లోది విజయవాడ నుంచి తెచ్చిన నల్లమట్టి అయితే సున్నం ఎక్కువ ఉండి ఇంకా ఇబ్బంది. ఇప్పుడే, ఈ సెప్టెంబరులోనే, అక్కడి ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన ఆకు ఎరువు ఒక పాలు కలిపి కుండీ మార్చండి. అక్టోబరు దాటితే మార్చొద్దు, కదిలిన వేరు చలికి తట్టుకోలేదు.

ఇంటి చుట్టూ ఉన్న కాఫీ తోటలు చూస్తూనే ఉంటారు. కాఫీ కూడా మంచుకు చచ్చే మొక్కే. అయినా అక్కడ ఎలా నిలబడుతోంది? వాలు మీద, సిల్వర్ ఓక్ చెట్ల కింద వేశారు. చల్లగాలి వాలు వెంట జారిపోతుంది, పైన కొమ్మలు వేడిని ఆకాశంలోకి పోనివ్వవు. మీ పెరట్లో కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. ఒక చెట్టు కిందికో, వరండా కప్పు కిందికో కుండీ జరిపితే మీ పని సగం అయినట్టే. వరండా అంచున కాదు, లోపలికి, గోడకు ఆనించి. దక్షిణం లేదా పడమటి గోడ అయితే మధ్యాహ్నమంతా తిన్న వేడిని రాత్రి వదులుతుంది. తూర్పు గోడ మంచిది కాదు. గడ్డకట్టిన ఆకు మీద తెల్లవారగానే ఎండ పడితే గబుక్కున కరిగి ఇంకా ఎక్కువ దెబ్బతింటుంది. కుండీలు పిట్టగోడ మీదా ఇనప స్టాండుల మీదా వద్దు, నేల మీదే దగ్గర దగ్గరగా పెట్టండి. నేల వేడి వాటికి కావాలి, ఆ స్టాండు మీద నాలుగు వైపులా చల్లగాలి తగులుతుంది.

ఇక కప్పడం. కప్పు పని వేడి పుట్టించడం కాదు, నేల వదిలే వేడిని పోనివ్వకపోవడం. కాబట్టి గుడ్డ నేలదాకా దిగిన దోమతెరలా ఉండాలి, అంచుల మీద రాళ్లో ఇటుకలో పెట్టాలి. చాలామంది మొక్కకు గుడ్డ చుట్టి కాండం దగ్గర తాడు కట్టేస్తారు. అలా కడితే నేల వేడి లోపలికి రాదు, కప్పీ ఉపయోగం లేదు. మూడు వెదురు కర్రలు పైన కలిపి కట్టి, ఆకులకు తగలకుండా పాత నూలు దుప్పటి వేయండి. కుండీలన్నీ ఒక గుంపుగా చేరిస్తే నాలుగైదు దుప్పట్లతో పని అయిపోతుంది. గోనెసంచులు విప్పి కుట్టుకున్నా బాగుంటాయి కానీ మంచుకు తడిసి బరువెక్కి కొమ్మలు విరుస్తాయి, కర్రలు గట్టివి వాడండి. మామూలు దుప్పటి రెండు, మూడు డిగ్రీలు కాపాడుతుంది. మీ దగ్గర పడే మంచుకు దాదాపు అది చాలు. గుడ్డ మీద పాలిథిన్ వేసుకుంటే గాలీ తడీ ఆగుతాయి, గుడ్డ లేకుండా మాత్రం వద్దు. సాయంత్రం ఎండ పోకముందే, నేలలో వేడి ఉండగానే కప్పాలి. రాత్రి పదింటికి గుర్తొచ్చి కప్పితే దాచడానికి వేడి మిగలదు. పొద్దున 9 ప్రాంతంలో తీసేయాలి.

ఆ రోజు మధ్యాహ్నం 2, 3 గంటల మధ్య కుండీలకు నీళ్లు పొయ్యండి. ఎండిన మట్టి కంటే తడిమట్టి పగలు ఎక్కువ వేడి దాచుకుని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. ఆకుల మీద మాత్రం చల్లొద్దు. మంచుకు ముందు నీళ్లు చల్లితే మంచిదని విని ఉంటారు. అది తోటల్లో స్ప్రింక్లర్లు రాత్రంతా ఆపకుండా తిప్పితేనే. నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి ఎడతెగకుండా అందుతుండాలి. మగ్గుతో చల్లి వెళ్లి పడుకుంటే ఆకు మరింత చల్లబడుతుంది. ఆకులు పోగేసి పొగబెట్టడం కూడా అంతే, పొగ ఆ వేడిని ఆపదు, మీకు దగ్గు మిగులుతుంది. కప్పు లోపల బల్బు వేలాడదీయమని ఎవరైనా చెబితే, వేడి ఇచ్చేది పాత ఫిలమెంటు బల్బే, ఎల్ఈడీ కాదు. తడిసిన దుప్పటి, వైరు, బల్బు ఒకచోట ఉండటం నాకు నచ్చదు. దానికంటే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పగలంతా ఎండలో పెట్టి సాయంత్రం కప్పు లోపలికి జరపండి. ఆ నీళ్లు తెల్లవార్లూ వేడి వదులుతూనే ఉంటాయి.

ఇప్పుడు మీరడిగిన మూడు దారులు.

అన్నీ పంపేస్తే మొక్కలు బతుకుతాయి, అందులో అనుమానం లేదు. కానీ ఘాటు దిగి నర్సీపట్నం, తుని మీదుగా విజయవాడ దాకా లారీలో కుదుపులకు కొన్ని విరుగుతాయి. తిరిగి తెచ్చుకోవడం ఫిబ్రవరి ఆఖరులోనే జరగాలి. ఏదో కారణానికి ఆగితే ఏప్రిల్, మే వచ్చేస్తుంది, విజయవాడ మేడ మీద అన్ని కుండీలకు రోజూ రెండు పూటలా నీళ్లు పొయ్యాల్సింది మీ తోడికోడలే. నాలుగు నెలలకని ఒప్పుకున్న మనిషి మీద అంత బరువు పెట్టి, రెండు కుండీలు ఎండిపోతే మీకు కష్టంగా ఉంటుంది. ఆ కష్టం మాటల్లో బయటపడకుండా ఉండదు. ఇప్పటిదాకా మనసులోనే ఉన్న నొప్పి అప్పుడు బయటికి వస్తుంది.

అన్నీ ఇక్కడే కప్పుకుంటూ కాపాడితే డబ్బు ఖర్చు తక్కువ. చిక్కల్లా సంక్రాంతితో. పండక్కి మీరు బెజవాడలో ఉంటారు, చింతపల్లిలో చలి ముదిరి ఉండేది సరిగ్గా అప్పుడే. నిరుడు చిగుళ్లు పోయిందీ ఆ నాలుగు రోజుల్లోనే. ఊరెళ్లేవారు రోజూ కప్పి తీయలేరు కాబట్టి, బయల్దేరే రోజు కుండీలన్నీ వరండా గోడకు చేర్చి, నీళ్లు పోసి, బయటి వైపు మాత్రం దుప్పట్లు తెరలా వేలాడదీసి వెళ్లండి. పైకప్పు ఎలాగూ ఉంది, పక్కల నుంచి వెలుతురు వస్తుంది, నాలుగు రోజులకు ఏమీ కాదు. వారం దాటేటట్టయితే పక్కింటివారికి అప్పజెప్పాలి.

వదిలేస్తే ఏమవుతుంది? గన్నేరు, కాగితంపూలు మిగులుతాయి. నందివర్ధనం, మామూలు మందారాలు మొదలుకంటా పోయి వేసవిలో మళ్లీ లేవవచ్చు. మిగతావి పోతాయి. పోయినా తిరిగి దొరికేవే. విజయవాడ తిరిగి వెళ్లేటప్పుడు మీరు కడియం మీదుగానే వెళ్తారు. కడియపులంక నర్సరీల్లో మందారం, నూరువరహాలు, కనకాంబరం ఎన్ని కావాలంటే అన్ని. ఈ లెక్కలో మీవారు అన్నదాంట్లో తప్పేమీ లేదు. దుప్పట్లు కప్పే ఓపిక ఎన్నిటికి ఉందో మీరే చూసుకోండి. పది కుండీలకు ఉంటే పదే ఉంచుకుని మిగతావి చుట్టుపక్కలవాళ్లకు పంచెయ్యండి.

మల్లె ఒక్కటి కడియంలో దొరకదు. అదే రకం దొరుకుతుంది, అత్తగారిది దొరకదు. అందుకే దాన్ని ఒక్క డ్రమ్ములో, ఒక్క ఊళ్లో ఉంచడం నాకు భయంగా ఉంది. చలి కాకపోతే వేరుకుళ్లు, అదీ కాకపోతే ఇంకో బదిలీ. ముందు దానికి నేలంట్లు తొక్కండి, అంటే కొమ్మను తల్లి నుంచి కొయ్యకుండానే మట్టిలో పూడ్చి వేర్లు పట్టించడం. సెప్టెంబరులో చేస్తే ఇంకా తడి ఉంది, వేర్లు వేస్తుంది.

మోకాలెత్తు కొమ్మల్లో పెన్సిల్ లావున్నవి, లేతపచ్చ పోయి గోధుమ రంగుకు తిరుగుతున్నవి మూడు ఎంచుకోండి. చివర నుంచి అడుగు వెనక్కి, ఒక గణుపుకు సరిగ్గా కింద, కొమ్మ అడుగువైపున, శుభ్రమైన బ్లేడుతో అంగుళం పొడవున ఏటవాలుగా సగం మందం దాకా చీల్చండి. చీలిక మూసుకోకుండా అగ్గిపుల్ల ముక్క దూర్చండి. డ్రమ్ము పక్కనే, దాని అంచు ఎత్తుకు వచ్చేలా ఇటుకల మీద ఆరంగుళాల కుండీ పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు సమంగా కలిపి నింపండి. చీల్చిన చోటును రెండు మూడు అంగుళాల లోతున పూడ్చి, వంచిన ఇనప తీగ గుచ్చో, రాయి పెట్టో కదలకుండా చెయ్యండి. కొమ్మ చివర ఆరంగుళాలు పైకి నిలబడేలా పుల్లకు కట్టండి. ఆ కుండీ తడి ఆరకూడదు. ఎక్కువమందికి అంటు పోయేది ఇక్కడే, తల్లి డ్రమ్ముకు పోసి పిల్ల కుండీ మర్చిపోతారు.

రెండున్నర, మూడు నెలల్లో వేర్లు వస్తాయి. డిసెంబరు మొదట్లో కొమ్మను మెల్లగా పైకి లాగి చూడండి. మట్టి పట్టుకుని బిగువుగా ఉంటే తల్లి వైపున సగం కోసి, పది రోజులాగి మిగతాదీ కోసెయ్యండి. వదులుగా కదిలితే కొయ్యొద్దు. తల్లిని, కుండీలను కలిపి ఒకే కప్పు కింద ఉంచి మార్చిలో చూసుకోండి, చలికి వేరు నెమ్మదిస్తుంది. వేరుపడ్డ పిల్లలను రాత్రిళ్లు ఇంట్లోనే, కిటికీ దగ్గర ఉంచండి.

తల్లి మొక్క గురించి కంగారు పడకండి. కృష్ణా, గుంటూరు వైపు మల్లె తోటల్లో నవంబరు తర్వాత నీళ్లు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరించి, జనవరి ఆఖరున మళ్లీ నీళ్లు కడతారు. ఎండాకాలం పూత కోసం మనమే దానికి విశ్రాంతి ఇస్తాం. మీ చలి ఆ పనే కాస్త మొరటుగా చేస్తుంది. ఈ ఏడాది పూయకపోవడానికి కారణం మొదటి మంచు కాదు. డిసెంబరులో కొయ్యడంతో వచ్చిన చిగుళ్లు జనవరిలో పోవడమే. పూత కొత్త కొమ్మ మీద వస్తుంది, అది ముదిరే వ్యవధి మిగల్లేదు. ఈసారి నవంబరులో కత్తిరించకండి. నీళ్లు తగ్గించండి. మొదలు చుట్టూ జానెడు ఎత్తున మట్టి ఎగదోయండి, పైన అంతా పోయినా ఆ మట్టి కింది కళ్లు బతికి ఉంటాయి. ఎండుగడ్డి మందంగా పరచడం మల్లె మొదటికి మంచిదే కానీ దుప్పటి కింద పెట్టే ఇతర కుండీల్లో వద్దు, మట్టి వేడిని ఆకులదాకా రానివ్వదు. ఫిబ్రవరి నెలాఖరున, రాత్రిళ్లు 10 డిగ్రీలు దాటాక, మట్టి తీసి, అడుగు ఎత్తున కత్తిరించి, అప్పుడు ఎరువు వేసి నీళ్లు కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మొగ్గలు చూస్తారు.

ఇప్పుడు తోడికోడలి సంగతి. వేరుపడ్డ అంటు తల్లి మొక్కకు వేరైనది కాదు, అచ్చంగా అదే మొక్క. సంక్రాంతికి వెళ్లేటప్పుడు ఒక కుండీ మీ చేత్తో ఆమెకు ఇవ్వవచ్చు. ‘దాచిపెట్టు’ అని కాదు, ‘ఇది నీది’ అని. అప్పుడు పెద్ద డ్రమ్మును విజయవాడ పంపే అవసరమే రాదు, తిరిగి అడగాల్సిన ఇబ్బందీ రాదు. అత్తగారి మల్లె విజయవాడలో ఒకటి క్షేమంగా ఉందన్న ధైర్యం మీకూ ఉంటుంది. అయితే ఒకటి చూసుకోండి. రేపు ఎవరో వస్తే ఆమె ‘ఇది మా అత్తగారి మల్లె’ అంటుంది. అది మీ ముందే అనవచ్చు. ఆ మాట విని నవ్వగలిగితే ఇవ్వండి. మనసు ఇంకా ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి ఆ కుండీ మీ పుట్టింటివాళ్ల దగ్గరో, నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉంచండి, నష్టం లేదు. తోడికోడలితో మాత్రం ‘కుండీలు ఇక్కడే వరండాలో పెట్టుకుంటున్నాను, నీకెందుకు శ్రమ’ అని ముందుగానే చెప్పెయ్యండి. జవాబు ఇవ్వకుండా నవంబరు దాకా సాగదీస్తే ఆమె తనను నమ్మలేదనే అనుకుంటుంది. మీవారికి కూడా మల్లె సంగతి విడిగా చెప్పండి. ఆయన పారేయమన్నది కుండీలను. వాళ్ల అమ్మ పెంచిన చెట్టు కూడా ఆ లెక్కలో ఉందని ఆయనకు తట్టి ఉండకపోవచ్చు.

పూజకు పూల గురించి ఒక్క మాట. డిసెంబరులో మీ సత్యనారాయణపురం మేడ మీద కూడా ఆ మల్లె పూసేది కాదు కదా. చలికి పూసేవి చామంతి, గులాబి, డిసెంబరాలు. చామంతికి రాత్రి పొడుగైతేనే మొగ్గ వస్తుంది, చింతపల్లి చలి దానికి ఇష్టమే. ఇప్పుడు నాటిన పిలకలకు వీధి దీపం వెలుగు పడని చోటు చూడండి, రాత్రంతా వెలుతురుంటే మొగ్గ తొడగదు. బంతి మొదటి గట్టి మంచుదాకా పూసి పోతుంది.

దేవగన్నేరు కొమ్మ చివర నల్లబడి మెత్తగా ఉందని, కొయ్యాలా అని అడిగారు. దానికి మాత్రం ఫిబ్రవరిదాకా ఆగమన్న మాట వర్తించదు, ఇప్పుడే కొయ్యాలి. మెత్తబడ్డ భాగం లోపల కుళ్లు, అది కిందికి దిగుతూ ఉంటుంది. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, రెండంగుళాల చొప్పున కోసుకుంటూ రండి. మధ్యలో గోధుమరంగు చుక్క కూడా లేకుండా తెల్లగా కనబడి, పాలు జివ్వున కారే చోట ఆగండి. కోసిన చోట వాన పడకుండా చూసుకుంటూ ఎండనివ్వండి. నవంబరులో ఆకు రాలడం మొదలవగానే దానికి నీళ్లు పూర్తిగా ఆపేసి కుండీతో సహా ఇంట్లో ఒక మూల పెట్టెయ్యండి. వెలుతురు లేకపోయినా పర్లేదు. కుండీ మరీ బరువైతే వేళ్లతో సహా పెకిలించి, మట్టి దులిపి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టినా మార్చిదాకా అలాగే ఉంటుంది. జాలిపడి మధ్యలో నీళ్లు మాత్రం పోయకండి.